కుర్చీలు గోడకి చేర్చేదాన్ని

సెతూబల్ రేవులో చేపల వాసన
నాలుగో అంతస్తుదాకా మెట్లెక్కి వస్తుంది.
నేనూ ఆ మెట్లే ఎక్కి వస్తాను
రాత్రి ఏడున్నరకి, బకెట్టుతో, తాళంచెవితో.

డాక్టర్ ట్రిగేరోది ఒకటే నియమం:
"దియోలిండా, కుర్చీలన్నీ గోడకి చేర్చి వెళ్ళు.
వచ్చినవాళ్ళే లాక్కుంటారు.
ఎక్కడ వేసుకుంటే అక్కణ్ణించే మొదలు."
మొదట్లో నవ్వుకున్నాను.
నడుం నొప్పి నాది, సిద్ధాంతం ఆవిడది.

లోపల ఏం మాట్లాడుకుంటారో నాకు తెలీదు,
తెలుసుకోకూడదు కూడా.
నేనొచ్చేసరికి మాటలు వెళ్ళిపోయుంటాయి.
ఆ రోజు చివరివాళ్ళ కుర్చీలు మాత్రం
ఎక్కడివక్కడే.

సోమవారం ఒక్క మనిషి.
మగవాడే అనుకుంటా, బూటు అచ్చు పెద్దది,
సార్డీన్ ఫ్యాక్టరీ ఉప్పు నేలమీద తెల్లగా.
కుర్చీ కిటికీకేసి తిప్పుకుని
ఆవిడకి వీపు పెట్టి కూర్చుంటాడు.
ఆవిడ ఎదురెళ్ళలేదు.
తన కుర్చీని పక్కకి తెచ్చుకుంది, ఒక మూర వెనగ్గా,
అదీ కిటికీకేసే.
ఇద్దరూ రేవులో క్రేన్లని చూస్తారు కాబోలు.
పదకొండు వారాలు అలాగే.

బుధవారం దంపతులు.
ఎడమొహం పెడమొహం అని మనుషుల్ని అంటాం గానీ
ఆ రెండు కుర్చీల్ని చూడాలి,
ఒకటి తలుపు దగ్గర, ఒకటి హీటరు దగ్గర.
ఆవిడది సరిగ్గా నడుమ.
సిగ్గులేకుండా తుడుపుకర్రతో కొలిచాను:
ఇటు కర్రన్నర, అటు కర్రన్నర.
మార్చిలో కాస్త దగ్గరయ్యాయి.
నా జీతం పెరిగినంత సంబరపడ్డాను.
ఏప్రిల్లో ఒక్కటే బయటికొచ్చింది,
రెండోది గోడకే ఉంది, నేను పెట్టినచోటే.
ఆ రోజూ ఆవిడ నడుమనే కూర్చుంది,
వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ మధ్య.
తప్పెవరిదో కుర్చీలు చెప్పవు.
ఆవిడా చెప్పదనుకుంటాను.

శుక్రవారం కుటుంబం.
నాలుగు పెద్ద కుర్చీలు ఒక చిన్నదాన్ని చుట్టుముట్టి,
పోలీసు స్టేషన్లోలాగ.
చిన్నదాని సీటు కింద బబుల్‌గమ్,
గీకలేక చచ్చాను.
మూడో వారం ఆ కుర్చీ గోడ దగ్గరే ఉండిపోయింది.
బల్లకింద ఊదారంగు క్రేయాన్ ముక్కలు,
పక్కన తివాచీలో రెండు మోకాళ్ళ గుంటలు.
అరవైకి దగ్గరపడ్డ మోకాళ్ళు!
బల్లకిందికి దూరింది మహాతల్లి.
ఆపై శుక్రవారం గుంటలు మూడు జతలు,
పైన కుర్చీలు ఖాళీగా, వెర్రిమొహాలు వేసుకుని.

పన్నెండో సోమవారం
ఆవిడింకా వెళ్ళలేదు. దీపం వెయ్యలేదు.
కిటికీ దగ్గరి కుర్చీ
కొంచెం, అరచెయ్యంత, ఇటు తిరిగి ఉంది.
నేను దానిమీద చెయ్యి వెయ్యబోతే
"దాన్ని ఇవాళ్టికి అలాగే వదిలెయ్,
పొద్దున నేనే జరుపుకుంటాను" అంది.
ఇంకేం అనలేదు.
కోటు బొత్తాలు తప్పుగా పెట్టుకుని వెళ్ళిపోయింది.

నా కూతురు జండీరాకి పదిహేడు.
వాళ్ళ నాన్న రోటర్‌డామ్ వెళ్ళిపోయినప్పట్నించీ
పళ్ళెం గదిలోకి పట్టుకెళ్ళి తింటుంది.
నేనేమో వంటింటి గుమ్మానికెదురుగా
టోల్‌గేటులా కూర్చుని
ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అని వసూలు చేసేదాన్ని.

ఆ రాత్రి నా కుర్చీ ఎత్తి
సింకు పక్కన కిటికీకేసి వేసుకున్నాను.
"అక్కడెందుకు కూర్చున్నావ్?"
"క్రేన్లు కనిపిస్తాయని."
"ఇక్కణ్ణించి కనిపించవు."
నిజమే. ఎదురింటి గోడ, ఆరేసిన ఒక దుప్పటి, అంతే.

గుమ్మంలో నిలబడే తినడం మొదలెట్టింది.
నేను వెనక్కి తిరగలేదు.
చెంచా చప్పుళ్ళు లెక్కపెడుతూ
దుప్పటినే చూశాను.